దొర మొరుగుడు, బావ నిద్ర

ఆ కుక్క మా ఇంట్లో ఉన్న పదకొండేళ్ళలో మేం పోగొట్టుకున్నవాటిని ముందే చెప్పేస్తాను. ఎడమకాలి చెప్పులు తొమ్మిది. కుడికాలివి ఒక్కటీ ముట్టుకోలేదు, ఎందుకో తెలియదు. కొని వారమైనా కాని దోమతెర ఒకటి. కంపెనీ ఇచ్చిన బూటు నాలుక ఒకటి. పోస్టుమాన్‌తో స్నేహం. ఉత్తరాలు అప్పటినుంచి గోడ మీదినుంచి ఎగిరొచ్చి పడేవి. చుట్టాలు ఇద్దరు: పంచె చిరిగిందని ఒకాయన, తన మనవడికంటే ముందు కుక్కకు గుడ్డు పెట్టామని ఒకావిడ, రావడం మానేశారు. ఈ ఇద్దరినీ నష్టం కింద వేసుకోవాలా లాభం కింద వేసుకోవాలా అన్నది మా ఆవిడా నేనూ ఇంకా తేల్చుకోలేదు.

పక్కింటి బావ నిద్రను ఇందులో కలపలేదు. అది వేరే పద్దు. చెప్పబోయేదంతా దాని సంగతే.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. గోదావరిఖనిలో ఒక గని నోటి దగ్గర నిలబడి, పైకొచ్చే బొగ్గు టబ్బులను లెక్కపెట్టడం నా ఉద్యోగం. కూడికలు, హెచ్చవేతలు నాకు ఏ పంతులూ నేర్పలేదు, టబ్బులే నేర్పాయి. అలవాటు ముదిరి ఇంట్లో కూడా అన్నీ లెక్కపెట్టేవాణ్ణి. కూరలో ముక్కలు లెక్కపెడుతుంటే మా ఆవిడ అనేది: "తింటున్నవా, ఆడిట్ చేస్తున్నవా?"

ఎనభైల నడిమిలో ఒక సాయంత్రం ఆమె కూరగాయలకు పోయి, వంకాయలు మరిచిపోయి, ఒక కోరికతో తిరిగొచ్చింది.

"ఆఫీసర్ల బంగ్లాలకెల్లి ఒకామె కుక్కపిల్లను పట్టుకొని పోతున్నది. అచ్చం దూది లెక్కున్నది. నాక్కూడ అసొంటిది కావాలె."

"ఉన్న రెండు అర్రలు మనకే సాలుతలేవు."

"నువ్వు షిఫ్టుకు పోతే రెండు అర్రలూ నాయే గద. మాట్లాడెటోళ్ళు ఒక్కరు లేరు."

"కుక్క మాట్లాడుతదా?"

"నువ్వు మాట్లాడుతున్నవా?"

నేను లెక్కలోకి దిగాను. ఊళ్ళో అప్పుడు పేరున్న కుక్కలు మూడు రకాలు. అల్సేషన్, డాబర్‌మాన్, పామేరియన్. అల్సేషన్ ముప్పై కిలోల పైమాటే. దానికి రోజూ పెట్టే కూడు, మా ఇద్దరి కూటితో సమానం. పైగా అది పడుకుంటే మా ముందు గది నిండిపోతుంది, మేం దాని మీదినుంచి దాటాలి. డాబర్‌మాన్‌కు తోక కోయించాలట. డబ్బిచ్చి కొన్నదాంట్లో కొంత కోసి పారేయడం నాకు నచ్చలేదు. పామేరియన్ నాలుగు కిలోలు. గుప్పెడు పెరుగన్నం. గోనెసంచి సగం మడతపెడితే పడక. తిండి, జాగా, జబ్బులు, రాలే వెంట్రుకలు అన్నీ కూడి, తీసేసి, పామేరియనే చవక అని తేల్చాను. నా బతుకులో అంత శుభ్రంగా వచ్చిన లెక్క ఇంకొకటి లేదు. అంత పెద్ద తప్పు లెక్క కూడా లేదు.

బస్టాండు వెనుక లారీలు బాగుచేసే మెకానిక్ ఒకాయన, హైదరాబాద్ నుంచి వచ్చే లారీల్లో స్పేరుపార్టులతోపాటు కుక్కపిల్లలు కూడా తెప్పించేవాడు. నేను వెళ్ళేసరికి ఒక లారీ ఇంజన్ను పూర్తిగా రేజ్ చేసి పరీక్షిస్తున్నాడు. పక్కనే పండ్ల బుట్టలో తెల్లటి పిల్ల ఒకటి ఉంది.

"అస్లీ మాల్ హై భాయ్!" అని నా చెవిలో అరిచాడు. "మా భీ సఫేద్, బాప్ భీ సఫేద్!" తల్లీ తెలుపే, తండ్రీ తెలుపే అని ఆయన హామీ.

"ఎంత పెరుగుతది?" అని నేనూ ఆయన చెవిలో అరిచాను.

"చార్ కిలో! ఏక్ గ్రామ్ జ్యాదా నై!"

బుట్టలో పిల్ల నోరు తెరుస్తోంది, మూస్తోంది, మళ్ళీ తెరుస్తోంది. పాపం ప్రయాణం బడలిక, ఆవలిస్తోంది అనుకున్నాను. ఎంత మెత్తని పిల్ల, కూర్చున్నచోటే నిద్రపోతుంది అని కూడా అనుకున్నాను. డబ్బులిచ్చి, బుట్ట సైకిలుకు తగిలించుకుని రోడ్డెక్కాను. లారీ మోత వెనకబడి, చెవులు కొంచెం తేరుకున్నాక గాని తెలిసిందికాదు, అవి ఆవలింతలు కావు. బస్టాండు నుంచి మా కాలనీ దాకా ఆపకుండా మొరిగింది. దారిలో రేషన్ షాపు కాటా మీద పెట్టి తూయిస్తే కిలో మూడువందల గ్రాములు. కిలో మూడువందల గ్రాముల్లో అంత గొంతు ఎక్కడ దాచిపెట్టుకుందో! తిండి లెక్కవేశాను, వెంట్రుకలు లెక్కవేశాను, గొంతు లెక్క వెయ్యలేదు. గొంతు బరువుతో పాటు పెరుగుతుందని, చిన్న కుక్కకు చిన్న గొంతే ఉంటుందని నా త్రైరాశికం.

మా ఆవిడ దాన్ని చూడగానే, "అబ్బ, దొర లెక్కున్నడు" అంది. అదే పేరుగా స్థిరపడిపోయింది. ఆ మాట విని మా వరుస చివరి క్వార్టరులో ఉండే, మేమంతా కాక అని పిలిచే ముసలాయన లేచొచ్చాడు. ఆయన గనిలో సర్దార్‌గా, అంటే ఒక ముఠా పని చూసే మేస్త్రీగా చేసి రిటైరైన పెద్దమనిషి, ఆదివారం చర్చికి తప్ప ఎక్కడికీ వెళ్ళడు. దొర ఆయన కాళ్ళ దగ్గరికి పోయి చెప్పులు నాకింది. కాక కిందికి చూశాడు.

"మా ఊళ్ళె దొర గడీ ముంగటికెల్లి పోవాల్నంటె, చెప్పులు చేతుల పట్టుకొని పోయినం బిడ్డా," అన్నాడు. "ఇయ్యాల దొర నా చెప్పులు నాకుతుండు. నేను బతికుండంగ ఇది చూస్తననుకోలె. రోజొకసారి పట్టుకరా."

తెల్ల కుక్కను బొగ్గుల ఊళ్ళో పెంచడమంటే ఏమిటో మొదటి నెలలోనే అర్థమైంది. పొద్దున తెల్ల దొర, మధ్యాహ్నం బూడిద దొర, సాయంత్రానికి ఎవరూ దొర అనడానికి సాహసించని రంగు. నల్లా నీళ్ళు వచ్చే గంటన్నరలో మనుషుల స్నానాలు రెండు, దొర స్నానం ఒకటి. ఎండాకాలం వచ్చాక ఆ బొచ్చుతో రొప్పుతూ, తడి గోనెసంచి మీద నాలుక చాపి పడుకునేది. జాలిపడి మంగలిని పిలిచి గొరిగించాను. లోపలున్నది ఎలుకంతే అని బయటపడింది. మా ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. పశువుల దవాఖాన డాక్టర్‌కు చూపిస్తే, బర్రెల వరుసలో మమ్మల్ని నిలబెట్టి, వంతు వచ్చాక కళ్ళద్దాలు సవరించుకుని, "ఏది, కుక్కేది?" అని అడిగాడు.

ఇవన్నీ నవ్వుకునేవే. పక్కింటి బావ సంగతి అలా కాదు.

బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. గోడకు ఈ పక్క నేను, ఆ పక్క ఆయన, ఒకరినొకరు బావ అనుకునేవాళ్ళం. ఆయన గనిలో హాలేజ్ ఇంజన్ నడిపేవాడు. గని లోపలే ఉండి, బొగ్గు నింపిన టబ్బుల వరుసను ఇనుప తాడుతో ఏటవాలుగా పైకి లాగే ఇంజన్ అది. కిందినుంచి గంట కొడితే లాగాలి, గంట కొడితే ఆపాలి. ఆ గంట వినకపోతే ప్రమాదం తాడు చివర ఉన్న మనుషులకు. మూడు వారాలకొకసారి ఆయనకు నైట్ షిఫ్టు. ఆ వారం ఆరు పగళ్ళు పడుకోవాలి. ఆ ఆరు పగళ్ళూ దొర ఆయనను పడుకోనివ్వలేదు. ఉదయం ఆయన వచ్చింది మొదలు రెండు గంటలపాటు ఆయన తలుపుకేసి చూస్తూ మొరిగేది. మేం లోపల కట్టేస్తే లోపలినుంచి మొరిగేది. నోరు మూస్తే ముక్కుతో మొరిగేది.

అలా మూడు నైట్ షిఫ్టు వారాలు గడిచాయి. మూడో వారం ఆఖరున బావ మా వాకిట్లోకి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"రాత్రి ఇంజన్ కాడ కన్నంటుకున్నది బావ," అన్నాడు. "గంట కొట్టిండ్రు. ఇనబడలె. రెండోసారి కొడితే లేచిన. అయింది ఏం కాలె. కాని అయితే?"

నేను కూర్చోమని మంచం వాల్చాను.

"కుక్కన్న పోవాలె, నేనన్న ఈ క్వార్టరు ఇడిచిపెట్టి పోవాలె. నువ్వే చెప్పు."

లోపలినుంచి మా ఆవిడ గొంతు వచ్చింది: "కుక్క పోతె నేను సుత పోత."

"నువ్వు ఉండక్కా. నువ్వు మొరుగుతలేవు గద," అన్నాడు బావ.

తగువు కాక దగ్గరికి పోయింది. ఆదివారం సాయంత్రం ఆయన వసారాలో కూర్చున్నాం. బావ తన లెక్క చెప్పాడు: రోజుకు రెండు గంటలు, ఆరు రోజులు, మూడు వారాలు. ముప్పై ఆరు గంటల నిద్ర. ఎదుటివాడు లెక్కలోకి దిగితే నాకు బలం వస్తుంది. ఆ రెండు గంటల్లో బావ ఇంటి రోలు దంచుడు ఎంత, ట్రాన్సిస్టర్ ఎంత, పిల్లలు ఎక్కాలు అరిచేది ఎంత, అన్నీ విడివిడిగా చూపించి, దొర వాటా సగమే అని నిలబెట్టాను. బావ భార్య ఊరుకోలేదు.

"మా రోలు మొరుగుతదా అన్నా? తలుపుకాడికొచ్చి పండ్లు సూపిస్తదా?"

అయినా కాక నా సగం ఒప్పుకున్నాడు. ముప్పై ఆరు పద్దెనిమిది అయింది. నేను మీసం మీద చెయ్యి వేయబోయాను. అప్పుడు కాక గొంతు సవరించుకున్నాడు.

"ఆదివారం డ్యూటీకి పోతె ఎన్ని మస్టర్లు పడతయి?"

"రెండు," అన్నాను. గనుల్లో అందరికీ తెలిసిందే. ఆదివారం విశ్రాంతి రోజు. ఆ రోజు పని చేసినవాడికి ఒక్క హాజరుకు రెండు హాజర్లు కడతారు.

"ఎందుకు?"

"పండుకునే రోజు పని చేసిండు గనుక."

"మరి ఈడు పండుకునే యాళ్ళ మేల్కొని ఉండె గద? డబుల్ మస్టరే."

పద్దెనిమిదిని రెండు పెట్టి హెచ్చించడానికి నాకు కాగితం అక్కర్లేదు. ముప్పై ఆరు. అంత కష్టపడి సగం చేసి తెచ్చినదాన్ని ఆ ముసలాయన ఒక్క ముక్కతో మళ్ళీ మొదటికి తెచ్చాడు. కంపెనీ రూలు కాబట్టి ఎదురు మాట్లాడడానికి లేదు.

తీర్పు ఇదీ. బావ నైట్ షిఫ్టు వారాల్లో నాది ఎలాగూ రెండో షిఫ్టు, ఉదయం ఖాళీయే. రోజూ రెండు గంటలు ఆయన తలుపు ముందు కూర్చుని, ఏ చప్పుడూ లోపలికి పోకుండా నిద్రకు కాపలా కాయాలి. గంట కాస్తే బాకీలో గంట తగ్గుతుంది. చప్పుడుకు బావ లేచి అరగంట పోగొట్టుకుంటే, డబుల్ మస్టరు కింద గంట పెరుగుతుంది. వారం చివర ఆదివారం సాయంత్రం లెక్క. ఆ సాయంత్రపు లెక్కలో బాకీ ముప్పై ఆరు దాటి ఉంటే దొరకు ట్రాన్స్‌ఫర్. కాక ముప్పై ఆరు చింతగింజలు లెక్కపెట్టి ఒక డబ్బాలో వేశాడు.

మొదటి కాపలా వారం నా పరువు పోయింది. మొదటిరోజే ఉల్లిగడ్డలాయన అరుస్తూ వస్తుంటే, "ఓయ్, అరవకు!" అని ఆయనకంటే గట్టిగా అరిచింది నేనే. బావ కిటికీ తెరిచి, "అరగంట," అని చెప్పి మళ్ళీ మూశాడు. దొరైతే నా తొడ మీద కూర్చునే మొరిగేది. శనివారానికి ఐదు రోజుల్లో పది గంటలు కాశాను, పదకొండు పెరిగాయి. ముప్పై ఏడు. శనివారం రాత్రి షిఫ్టు దిగి బావ ఆదివారం పొద్దున వస్తాడు, ఆ రెండు గంటలూ కాస్తే ముప్పై ఐదు అవుతుంది. కాని ఆదివారం దొర రెండుసార్లు లేపితే మళ్ళీ ముప్పై ఏడు, దొర పని అయిపోయినట్టే.

మా ఆవిడకు ఇదంతా చెప్పాను. ఆదివారం తెల్లారగానే ఆమె దొరకు స్నానం చేయించి, వైర్‌బుట్టలో పెట్టి, పైన తువ్వాల కప్పి బయలుదేరింది.

"యాడికి?"

"పెద్దపల్లి."

"ఆడేం పనున్నది?"

"ఏం లేదు. పోతం, వస్తం. బస్సుల మొరుగనియ్యి, బస్సుల ఎవ్వల నిద్ర పోతది?"

బస్సులో బుట్ట మొరగడం విని కండక్టర్ టికెట్ అడిగాడట. "దొరకు టికెట్ అడుగుతవా?" అందట ఈవిడ. ఏ దొరో, ఎవరి తాలూకో అనుకుని ముందుకు పోయాడట. ఈ ముక్క ఆమె చెప్పిందే. నా లెక్క ప్రకారం కండక్టర్లు అంత అమాయకులు కారు. ఏమైనా ఆ రోజు మా వరుసలో ఈగ కూడా చప్పుడు చెయ్యలేదు. సాయంత్రం కాక గింజలు లెక్కపెట్టాడు. పన్నెండు గంటలు ఎండలో కాపలా కాసి నేను తగ్గించింది ఒకే ఒక్క గంట.

రెండో కాపలా వారంలో దొర ఎందుకు మొరుగుతుందో దొరికింది. ఆ రోజుల్లో చాలామంది గని నుంచి ఇంటికొచ్చే కడుక్కునేవారు. బావ పళ్ళు, కళ్ళు తప్ప అంతా బొగ్గుతో వస్తాడు. దొర మొరగడం మొదలుపెట్టింది. బావ లోపలికి పోయి స్నానం చేసి, తువ్వాల మరిచిపోయి, తీగ మీద ఉన్నదాని కోసం బయటికి వచ్చాడు. దొర పరుగెత్తి పోయి ఆయన కాళ్ళు నాకి, తోక ఊపి, ఆయన లోపలికి పోగానే మళ్ళీ తలుపు ముందు నిలబడి మొరగసాగింది. అప్పుడు అర్థమైంది. దాని దృష్టిలో బావ మంచివాడే. కాని ఎవడో నల్లటివాడు ఒకడు బావ ఇంట్లోకి దూరాడు, ఎంతసేపటికీ బయటికి రావడం లేదు. ఆ సంగతి కాలనీకి చెప్పడానికి అది గొంతు చించుకుంటోంది.

నేను లోపలికి పోయి బావకు చెబితే, ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నా ఇంట్లకు నేనే దొంగనైతినా?" అన్నాడు. "మరి అందరు నల్లగనే వస్తరు గద, వాళ్ళ మీద ఎందుకు మొరుగది?"

"వాళ్ళు ఇవతలికెల్లి పోతరు. నువ్వు లోపలికి పోయి ఉంటవు."

మర్నాటినుంచి నేను బకెట్టు నీళ్ళు, సబ్బుతో సందు మూలన నిలబడేవాణ్ణి. బావ అక్కడే మొహం, చేతులు, కాళ్ళు కడుక్కుని, తెల్లగా వరుసలోకి అడుగుపెట్టేవాడు. దొర తోక ఊపేది. పోయేవాళ్ళు ఊరుకుంటారా?

"ఏంది బావా, పెండ్లి గిట్ల ఉన్నదా? కాళ్ళు కడుగుతున్నవు!"

"కన్యాదానం ఎప్పుడు?"

ఆ వారం పెరిగినవి మూడే. ముప్పై ఐదులో పన్నెండు పోయి, మూడు కలిసి, ఇరవై ఆరు. మూడో కాపలా వారం ఒక్కటీ పెరగలేదు. పద్నాలుగు. ఇంకొక్క వారం కాస్తే రెండే మిగులుతాయి అనుకుంటుండగా, బావకు శ్రీరాంపూర్ ట్రాన్స్‌ఫర్ వచ్చింది. కుక్కకు రావలసింది మనిషికి వచ్చిందని మా ఆవిడ అంది. సామాను లారీకి ఎక్కించాక నేను అడిగాను:

"పద్నాలుగు ఉన్నయి బావ. మాఫీ చేస్తవా?"

"మాఫీ ఎందుకు చేస్త? నా నిద్ర ఏమన్న ఫుకట్‌దా?" అన్నాడు.

రెండేళ్ళ తరువాత నాకు రోషం వచ్చింది. బావ నైట్ షిఫ్టులో ఉన్న వారం చూసుకుని, రామగుండంలో రైలెక్కి, మంచిర్యాలలో దిగి శ్రీరాంపూర్ పోయాను. ఆయన కొత్త క్వార్టరు పక్కన పగలంతా తిరిగే పిండిమర, గిర్నీ, ఉంది. "నీ దొర నయముండె బావ, ఊపిరి తీసుకునేటప్పుడన్న ఆగేది," అన్నాడు. గిర్నీవాడిని బతిమాలి ఆపించి, మూడు గంటలు తలుపు ముందు కూర్చున్నాను. పదకొండుకు దింపాను. ఆయన భార్య అన్నం పెట్టింది, తిని వాకిట్లో మంచం మీద ఒరిగాను. కళ్ళు తెరిచేసరికి బావ నా నెత్తిన నిలబడి ఉన్నాడు.

"గిర్నీ మల్ల షురువైందనుకొని లేచిన," అన్నాడు. "నీ గురక. గంటన్నర పోయింది."

గంటన్నర, డబుల్ మస్టరు, మూడు. మళ్ళీ పద్నాలుగుతో రైలెక్కాను.

తొంభైల నడిమిలో ఒక రాత్రి దొర తడి గోనెసంచి మీదే పోయింది. దాని వయసుకు అది సహజమే, పశువుల డాక్టర్ కూడా అదే అన్నాడు. తెల్లారి కబురు ఎట్లా అందిందో నాకు తెలియదు, మా ఆవిడే ఎవరితోనో చెప్పించి ఉంటుంది. పదిన్నరకు, కాలనీ వెనుక ఖాళీ జాగాలో నేను గొయ్యి తవ్వుతుంటే బావ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అప్పటికి కాక కూడా లేడు, మేం ముగ్గురమే. నా చేతిలోంచి పార తీసుకుని మిగిలింది తనే తవ్వాడు. నేలలోపల పనిచేసేవాడు కదా, అంచులు నాకంటే తిన్నగా వచ్చాయి. మా ఆవిడ దొరను తువ్వాలలో చుట్టి ఇచ్చింది. మన్ను కప్పాక బావ పార వెనకతో పైన చదును చేశాడు. అంత నిశ్శబ్దంగా మా కాలనీని నేను పదకొండేళ్ళలో చూడలేదు.

"నైట్ షిఫ్టా?" అని అడిగాను.

"ఆఁ. దిగి సీద వచ్చిన. మల్ల రాత్రికి డ్యూటీ."

"పండుకోలేదా?"

"ఎప్పుడు పండుకోవాలె?"

మా ఇంట్లో పడుకుని పొమ్మన్నాను. అక్కర్లేదన్నాడు. చాయ్ తాగి, సాయంత్రం రైలుకు పోయాడు. ప్లాట్‌ఫారం మీద రైలు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బావ! ఇయ్యాల ఆరు గంటలు పోయినయి. యాదుంచుకో!"

ఆరు గంటలు, పండుకునే యాళ్ళ మేల్కొని ఉన్నందుకు డబుల్ మస్టరు, పన్నెండు. పాతవి పద్నాలుగు. ఈ రోజుకు నేను ఆయనకు ఇరవై ఆరు గంటల నిద్ర బాకీ.